పుదుచ్చేరి కరెంటు: కొలత నుంచి నిల్వ దాకా

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో కరెంటు చరిత్ర చాలావరకు కొనుగోళ్ల చరిత్రే. సొంత ఉత్పత్తి అని చెప్పుకోదగ్గది కారైక్కాల్ దగ్గరి 32.5 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ఒక్కటే. మిగతా కరెంటు నైవేలి లాంటి కేంద్ర సంస్థల నుంచో, పొరుగు రాష్ట్రాల నుంచో రావలసిందే. పైగా ఆ ప్రాంతం నాలుగు ముక్కలు. గోదావరి ఒడ్డునున్న యానాంకు ఆంధ్ర లైన్లే ఆధారం, మాహేకి కేరళ లైన్లు. పంపిణీ చేసేది డిస్కం కాదు, నేరుగా ప్రభుత్వ విద్యుత్ శాఖే.

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఏరు దాటగానే అరియాంకుప్పం వస్తుంది. 2011 డిసెంబరు 30 తెల్లవారుజామున థానే తుపాను సరిగ్గా ఇక్కడే, పుదుచ్చేరి, కడలూరుల మధ్యే తీరం దాటింది. స్తంభాలు నేలకూలాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పాత పద్ధతిలో సబ్‌స్టేషన్‌కు తెలిసేది ఫీడరు ట్రిప్పయిందన్న సంగతి వరకే. తీగ ఎక్కడ తెగిందో, ఏ వీధి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయిందో జనం ఫోన్ చేసి చెప్పాలి, లేదా లైన్‌మన్ లైను వెంట నడిచి వెతుక్కోవాలి.

తుపాను వెళ్లిన మూడు నెలల్లోపే, 2012 మార్చిలో, పవర్‌గ్రిడ్ సంస్థ పుదుచ్చేరి విద్యుత్ శాఖతో స్మార్ట్ గ్రిడ్ ప్రయోగానికి ఒప్పందం చేసుకుంది. తుపానే కారణమని అనుకోవడానికి లేదు. చిన్న ఊరు, స్పష్టమైన సరిహద్దు, ఒకే ప్రభుత్వ శాఖ కావడంతో ప్రయోగానికి అనువుగా ఉంది. మొదట పద్నాలుగు వందల స్మార్ట్ మీటర్లు పెట్టారు, అవీ రకరకాల కంపెనీలవి. కొన్ని లెక్కను కరెంటు తీగ మీదే పంపేవి, కొన్ని 865 మెగాహెర్ట్జ్ రేడియో ద్వారా, మరికొన్ని సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ద్వారా. తీగ మీద సమాచారం పంపడం వినడానికి తేలికే కానీ మోటార్లు, చోకులు పుట్టించే రొదలో ఆ సంకేతం మునిగిపోతుంది. ఏ పద్ధతి మన వీధుల్లో నిలుస్తుందో కాగితం మీద తేలేది కాదు. తర్వాత దేశవ్యాప్తంగా మంజూరైన 14 ప్రయోగాల్లో దీన్ని 34,000 మంది వినియోగదారులకు విస్తరించే పథకం చేరింది. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడ కూడా ఆ జాబితాలోదే.

2012లోనే జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఏకతాళంలో లేదు కనుక పుదుచ్చేరి, హైదరాబాద్ బయటపడ్డాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఆ విడితనం పోయింది. ఇక దేశమంతా ఒకటే 50 హెర్ట్జ్. ఎక్కడో ఒక పెద్ద యూనిట్ ఆగితే ఆ పౌనఃపున్యం ప్రతిచోటా తగ్గుతుంది, క్షణాల్లో సరిదిద్దాలి. బొగ్గు బాయిలరుకు అంత చురుకు లేదు, బ్యాటరీకి ఉంది.

2017లో పవర్‌గ్రిడ్ పుదుచ్చేరి సబ్‌స్టేషన్‌లో రెండు బ్యాటరీలను గ్రిడ్‌కు కలిపింది. ఒకటి మెరుగుపరచిన లెడ్ యాసిడ్, మరొకటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కొక్కటి 500 కిలోవాట్లు, 250 కిలోవాట్ అవర్లు. అంటే పూర్తి వేగంతో వాడితే అరగంటలో ఖాళీ. ఊరికి దీపాలు వెలిగించడానికి ఇది చాలదు. పౌనఃపున్యం సరిదిద్దడంలో ఏ రసాయనం ఎంత నిలుస్తుందో పక్కపక్కన పెట్టి చూడడానికే వీటిని కట్టారు. ఢిల్లీ రోహిణిలో 10 మెగావాట్ల బ్యాటరీ 2019లో గానీ రాలేదు.

ఈ రెండింటిలో లెడ్ యాసిడ్ 1859 నాటిది, ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతే చేతిలో పుట్టింది. రెండోది 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ ఐరన్ ఫాస్ఫేట్‌లోకి లిథియం వచ్చిపోగలదని చూపించారు. వారి వ్యాసం వెలువడే నాటికి పదార్థం చవక, భద్రం, కానీ విద్యుత్ వాహకత బహు తక్కువ. రేణువులకు కార్బన్ పూత పూసే ఉపాయం కెనడాలో దొరికాకే అది బజారుకెక్కింది. మన వైపు ఈ శాస్త్రానికి పాత ఇల్లు కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ. అళగప్ప చెట్టియార్ ఇచ్చిన 300 ఎకరాల్లో 1948లో శంకుస్థాపన జరిగి, 1953లో తెరుచుకుంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో తెలుగువారైన బి.వి.ఆర్. చౌదరి ఘన స్థితి అయానిక పదార్థాల మీద దశాబ్దాలు పనిచేశారు. లిథియం బ్యాటరీ ఆనోడ్ల మీద ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావులతో కలిసి 2013లో రాసిన సమీక్షా వ్యాసం ఆ రంగంలో విస్తృతంగా వాడుకలో ఉంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, ఐరన్ ఫాస్ఫేట్ పొడి తయారీని ఇక్కడే చేసే పద్ధతి రూపొందించి పరిశ్రమకు అందించింది.

తెలుగు నేల మీద కరెంటు నిల్వ బ్యాటరీతో మొదలవలేదు, నీటితో మొదలైంది. నాగార్జునసాగర్‌లో 1978–85 మధ్య వచ్చిన ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్. రాత్రి మిగులు కరెంటుతో కింది నీటిని తిరిగి పైకి తోడాలని లెక్క. తోడడానికి దిగువన నీరు నిలవాలి కదా, ఆ టెయిల్‌పాండ్ దశాబ్దాల తర్వాత గానీ రాలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన ఇలాంటి నీటి నిల్వ కేంద్రం 1,680 మెగావాట్లు. దాని పక్కన పుదుచ్చేరి మెగావాటు లెక్కలోకే రాదు, కానీ క్షణాల పనికి నీటి టర్బైను కంటే బ్యాటరీదే పైచేయి.

పుదుచ్చేరిలో తర్వాతి రగడ సాంకేతికం కాదు. 2020 మేలో కేంద్రపాలిత ప్రాంతాల విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం ప్రకటించింది. దాన్ని వ్యతిరేకిస్తూ 2022లో విద్యుత్ శాఖ ఉద్యోగులు సమ్మెకు దిగారు. ఇక 2023లో కేంద్రం నిబంధనలు మార్చి, స్మార్ట్ మీటరు పెట్టిన ఇంటికి పూటను బట్టి ధర ఉండాలంది. ఎండ కాసే గంటల్లో 10 నుంచి 20 శాతం తక్కువ, రద్దీ వేళల్లో అంతే ఎక్కువ. మధ్యాహ్నం చవకగా నింపి సాయంత్రం వాడుకునే బ్యాటరీకి లాభం వచ్చేది ఆ తేడాలోంచే, దాన్ని లెక్కకట్టేది మీటరే.