కళా సామగ్రి భద్రతా ముద్రలు

రంగులు, క్రేయాన్లు, జిగురు వంటి కళా సామగ్రిని విషశాస్త్ర నిపుణులు పరీక్షించాక, ఆరోగ్యానికి హాని ఉన్నదీ లేనిదీ తెలుపుతూ డబ్బాపై వేసే గుర్తులను భద్రతా ముద్రలంటారు. అమెరికాలో ఈ ధ్రువీకరణ 1940లో పిల్లల సామగ్రితో మొదలైంది. 1988లో చేసిన చట్టం, అంతవరకు స్వచ్ఛందంగా ఉన్న ఏఎస్‌టీఎం డీ-4236 ప్రమాణాన్ని 1990 నవంబరు 18 నుంచి తప్పనిసరి చేసింది. అప్పటికప్పుడు కనిపించే విషప్రభావంతోపాటు, ఏళ్ల తరబడి వాడితే కలిగే హానినీ లెక్కించాలనడమే ఇందులోని కీలకాంశం. ‘ఏపీ’ ముద్ర ఉన్నవి పిల్లలకూ పెద్దలకూ విషరహితం. అంతమాత్రాన అవి తినదగినవి కావు. ‘సీఎల్’ ముద్ర ఉన్నవాటిని హెచ్చరిక చదివి పెద్దలే వాడాలి. ఉదాహరణకు, కాడ్మియం పసుపు రంగును కుంచెతో పూయవచ్చు గాని పిచికారీ చేయరాదు. గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరిన కాడ్మియం క్యాన్సర్ కారకం.