పందెములపై పన్ను పెంపు – బుక్‌మేకర్లపై, ప్రభుత్వ ఆదాయముపై ప్రభావము

(పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థము నేపథ్య వివరణ)

కూచిపూడి: పందెములపై పన్ను రేటు పెంచినంత మాత్రమున ఖజానా ఆదాయము అదే నిష్పత్తిలో పెరుగదు. పన్నును దేనిపై లెక్కించుచున్నారు, పందెము కాయువారు చట్టబద్ధమైన చోటనే కొనసాగుచున్నారా అను రెండు అంశములపై ఫలితము ఆధారపడి ఉండును.

చట్ట నేపథ్యము: రాజ్యాంగములోని రాష్ట్ర జాబితా 34వ అంశము ప్రకారము పందెములు, జూదముల నియంత్రణ రాష్ట్రములకు చెందినది. 62వ అంశము కింద ఉండిన పందెపు పన్ను అధికారము 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణతో తొలగినది. 2017 జూలై 1 నుండి ఈ పన్ను జీఎస్టీలో విలీనమైనది. ఉమ్మడి రాష్ట్రములో గుర్రపు పందెములకు నెలవైన మలక్‌పేట రేస్‌కోర్సు 2014 విభజనతో తెలంగాణ పరిధిలోకి వెళ్లినది.

బుక్‌మేకర్లపై భారము: గుర్రపు పందెములపై 28 శాతముగా ఉండిన జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతమునకు పెరిగినది. ఉదాహరణకు 100 రూపాయల పందెములో బుక్‌మేకరుకు 10 రూపాయలు మిగులుననుకొనిన, మిగులుపై పన్ను 4 రూపాయలు. పందెపు పూర్తి విలువపై 40 రూపాయలు. అంత భారము మోయజాలక బుక్‌మేకరు గెలుపు చెల్లింపులు తగ్గించును, లేదా పన్నును పందెగానిపై మోపును. అపుడు పందెగాడు రశీదు లేని అనధికార బుకీ వైపు మళ్లు ప్రమాదమున్నది.

ఆదాయ అనుభవములు: బ్రిటన్ 2001 అక్టోబరులో పందెపు మొత్తముపై 6.75 శాతము సుంకమును రద్దు చేసి, బుక్‌మేకర్ల స్థూల లాభముపై 15 శాతము పన్ను విధించినది. జిబ్రాల్టర్ వంటి చోట్లకు తరలిన వ్యాపారమును వెనుకకు రప్పించుట దాని ఉద్దేశము. మన దేశమున 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ గేమింగ్ పూర్తి విలువపై 28 శాతము విధించగా, ఆరు నెలలలో ఆదాయము 1,349 కోట్ల నుండి 6,909 కోట్ల రూపాయలకు పెరిగినదని కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ 2024 సెప్టెంబరులో వెల్లడించినారు. అయినను, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు కేంద్ర చట్టము 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందినది.

కృష్ణా డెల్టా పరిస్థితి: ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము, 1974కు 2020లో చేసిన సవరణతో రాష్ట్రమున ఆన్‌లైన్ పందెములు నిషిద్ధములైనవి. సంక్రాంతి కోడిపందెములు, క్రికెట్ బెట్టింగులు సైతము నేరములే. వీటిలో చేతులు మారు సొమ్ముపై ఖజానాకు పందెపు పన్ను రాదు. నష్టము మాత్రము కౌలు రైతు, కూలీ కుటుంబములపై పడును.

కావున రేటును మాత్రమే గాక, వాస్తవ వసూళ్లను, అనధికార పందెములపై నమోదైన కేసులను కలిపి పరిశీలించినపుడే పన్ను పెంపు ఫలితము స్పష్టమగును.