బంగారం తాకట్టు నుంచి బ్రిక్స్ బ్యాంకు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసి రిటైరైన వాణ్ణి. నాకు తెలిసింది అప్పుల చరిత్రే. అదే రాస్తున్నాను.

1991 జూలైలో ఒక ఉదయం పెనుగొండలో కాఫీ హోటల్లో పేపరు చూస్తున్నాం. విదేశీ మారకం నిండుకుని, మన రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టిందన్న వార్త. మాది వాసవీ అమ్మవారి ఊరు, వర్తకుల ఊరు. తాకట్టంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. "ఇంటావిడ నగ తీసుకెళ్లి పెట్టినట్లే కదండీ!" అన్నారు పక్కనున్న షావుకారుగారు. ఆపైన ఎవరమూ మాట్లాడలేదు.

ఆపదలో అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ముఖ్య నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతం పైచిలుకు ఉన్నాయి. అంటే ఆ దేశం కాదంటే కాదన్నమాటే.

ఈ పరిస్థితిలో ఎదుగుతున్న దేశాలు ఒకచోట చేరాయి. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా నాయకులు 2009 జూన్‌లో రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్‌లో తొలిసారి శిఖరాగ్ర సభ జరిపారు. 2011లో దక్షిణాఫ్రికా కలిసి 'బ్రిక్స్' అయింది. సొంత బ్యాంకు ఆలోచన 2012 ఢిల్లీ సభలో వచ్చింది. 2014లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో ఒప్పందం కుదిరింది. ప్రధాన కార్యాలయం షాంఘైలో, తొలి అధ్యక్షుడు మన దేశానికి చెందిన కె.వి. కామత్.

మా శాఖ వారికి ఇందులో నచ్చే సంగతి ఒకటుంది. సహకార సంఘంలో వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఈ బ్యాంకులో ఓటు వాటాను బట్టే. అయితే స్థాపక దేశాలు ఐదూ తలా 1,000 కోట్ల డాలర్ల చొప్పున సమానంగా వాటాలు తీసుకున్నాయి. చైనా ఎంత పెద్దదైనా దక్షిణాఫ్రికాతో సమానమే. వీటో ఎవరికీ లేదు.

1991 వంటి రోజు వస్తే ఆదుకోవడానికి 10,000 కోట్ల డాలర్ల అత్యవసర నిధి ఏర్పాటు కూడా చేసుకున్నారు. ఇక్కడ మాత్రం సమానత లేదు: చైనా 4,100 కోట్లు, మనం, రష్యా, బ్రెజిల్ తలా 1,800 కోట్లు, దక్షిణాఫ్రికా 500 కోట్లు. పైగా ఒక దేశం తనకు రాగల మొత్తంలో 30 శాతం దాటి తీసుకోవాలంటే ద్రవ్యనిధితో ఒప్పందం ఉండాల్సిందే. పాత గుమ్మం పూర్తిగా తప్పలేదు.

ఆ బ్యాంకు మన రాష్ట్రానికీ వచ్చింది. మండల కేంద్రాలను కలిపే రోడ్ల వెడల్పుకు, పాత వంతెనల పునర్నిర్మాణానికి రెండు రుణాలు, మొత్తం 64 కోట్ల 60 లక్షల డాలర్లు. 2021 ఫిబ్రవరిలో సంతకాలయ్యాయి. గడువు 32 ఏళ్లు, మొదటి ఐదేళ్లు విరామం. చివరి వాయిదా నాటికి మనం ఉండం. కట్టేది మన మనవలు.

ఒకప్పుడు ఒక సంఘం గిడ్డంగికి అప్పు తెచ్చింది. అప్పు తీరకముందే గోడలు బీటలిచ్చాయి. తనిఖీకి వెళ్లిన నాకు రాయడానికి కలం ఆడలేదు. అప్పు ఇచ్చింది మిత్రుడైనా తిరిగి కట్టక తప్పదు. బాకీ కన్నా ముందు రోడ్డు పాడైతే, సమాన ఓటు వచ్చి దాన్ని బాగుచేయదు. అందుకే మనవలకు బ్రిక్స్ పేరు చెప్పేటప్పుడు, లెక్క అడగడం కూడా నేర్పుదాం.