పిరికి పాదిరి ప్రయాణం

యుద్ధరంగం నుంచి పారిపోయాడని అపకీర్తి పాలైన సైనిక పాదిరి ఒకడు తాను మహాధైర్యశాలినని నిరూపించుకోవడానికి మిత్రులకు లేఖ రాస్తాడు. అందులోని ప్రతి వాక్యమూ అతని పిరికితనాన్నే బయటపెడుతుంది. జర్మన్ రచయిత జాన్ పాల్ 1809లో అచ్చువేయించిన ‘సైనిక పాదిరి ష్మెల్ట్స్‌లె ఫ్లెట్స్ యాత్ర’ కథ ఇదే.

ఈ హాస్యం ఒక్కరోజులో పండలేదు. జాన్ పాల్ అసలు పేరు యోహాన్ పాల్ ఫ్రీడ్రిష్ రిష్టర్. 1763లో పుట్టాడు, పాదిరి కొడుకు. 1783లో వెలువడిన ‘గ్రీన్‌లాండ్ వ్యాజ్యాలు’లో చురకలే ఎక్కువ, మనుషులు తక్కువ. దాన్ని పాఠకులు పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత వుట్స్ అనే పేద బడిపంతులి కథలో ఆయనకు తన దారి దొరికింది: నవ్విస్తూనే ఆ మనిషిని ప్రేమించడం. 1795 నాటి ‘హెస్పెరుస్’ నవలతో కీర్తి వచ్చింది. యాత్ర పేరుతో మనసు లోపలికి తొంగిచూడడం ఆయన ఇంగ్లీషు రచయిత లారెన్స్ స్టెర్న్ దగ్గర నేర్చుకున్నాడు. 1768లో వచ్చిన స్టెర్న్ యాత్రాకథలో కథకుడు కూడా పాదిరే.

1806లో యేనా దగ్గర ప్రష్యా సైన్యం నెపోలియన్ చేతిలో చిత్తుగా ఓడింది. జాన్ పాల్ ఉంటున్న బైరాయిట్ ఫ్రెంచివారి వశమైంది. పారిపోయిన పాదిరి కథ ఆ రోజుల్లోనే పుట్టింది. అయినా అది ఓడినవారిని వెక్కిరించే కథ కాదు.

ష్మెల్ట్స్‌లె భయమంతా ఊహలోంచే వస్తుంది. పిడుగు పడకుండా గొడుగుకే పిడుగువాహకం అమర్చుకుంటాడు. ఎక్కడో ఒక రసాయన శాస్త్రవేత్త చేసే ప్రయోగం భూమ్మీది గాలినంతా పాడుచేస్తే ఏం గతి అని బెంగపడతాడు. చిన్నప్పుడు చర్చిలో ప్రసంగం వింటూ, ‘నేనూ ఇక్కడే ఉన్నాను, పాదిరిగారూ!’ అని తాను అరిచేస్తే ఎలా అనుకుని, ఆ ఊహకే జడిసి బయటికి పరుగెత్తాడు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నిజమనిపించే ఘట్టం ఇదే. ఆందోళన అనే జబ్బును వైద్యశాస్త్రం సవివరంగా వర్ణించడానికి చాలాకాలం ముందే ఒక హాస్యకారుడు దాన్ని ఇంత దగ్గరగా చూశాడు.

పేజీల అడుగున ఉన్న నోట్సుకూ పైనున్న కథకూ సంబంధం ఉండదు. అచ్చులో జరిగిన పొరపాటని జాన్ పాల్ ముందుమాటలో చెబుతాడు గానీ, ఆ గజిబిజి ఆయన కావాలని చేసిందే. ఒకవైపు వణికే మనిషి, మరోవైపు స్వేచ్ఛగా తిరిగే ఆలోచన. రెండూ ఒకే పేజీలో నడుస్తాయి.

జాన్ పాల్ 1825లో బైరాయిట్‌లో కన్నుమూశాడు. రెండేళ్లకే రచయిత థామస్ కార్లైల్ ఈ కథను ఇంగ్లీషులోకి తెచ్చి ‘జర్మన్ రొమాన్స్’ సంపుటాల్లో చేర్చాడు. ఇంగ్లీషు పాఠకులకు జాన్ పాల్ పరిచయమైంది ప్రధానంగా కార్లైల్ వల్లనే. ఆ పరిచయంలో పెద్ద నవలలకన్నా ముందు నిలబడింది ఈ పిరికి పాదిరే.