షాక్ అబ్జార్బర్ల అరుగుదల: కృష్ణపట్నం తీరంలో

కారు బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్. మెకానిక్కులు వీటిని షాకులనే అంటారు. షాకు అంటే నూనె నిండిన గొట్టం. లోపల పిస్టను, దానికి సన్నని రంధ్రాలు, వాల్వులు. చక్రం గుంతలో దిగి లేచినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి ఒత్తుకుంటూ పోతుంది, ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. నూనె కారినా, వాల్వులు అరిగినా ఈ పట్టు సడలుతుంది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల దగ్గర షాకు, స్ప్రింగు కలిసి స్ట్రట్ అనే ఒకే భాగంగా ఉంటాయి. ఈ అమరికను 1940లలో రూపొందించినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు.

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో ఆధునిక ఓడరేవు 2008లో మొదలైంది. బొగ్గు, ఎరువులు, వంటనూనెలు ఇక్కడ దిగుతాయి. పంటపాళెం వైపు నూనె శుద్ధి కర్మాగారాలు, నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లున్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఆ చుట్టుపక్కల దారుల్లో కార్లు సరుకు లారీల మధ్యే నడవాలి. కారు షాకుల కథలో లారీ ప్రస్తావన తప్పదు. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన రోడ్డు పరీక్ష తేల్చిన ప్రకారం రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు. 2018లో మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసుకు 11.5 టన్నుల దాకా అనుమతించారు. ముప్పావు టన్ను కూడా మోయని చిన్న కారు ఇరుసు పక్కన అది ఎంత భారమో ఊహించవచ్చు. లారీ తవ్విన గుంతకు మూల్యం చెల్లించేది వెనక వచ్చే కారు షాకు.

సముద్రపు గాలి దీనికి తోడు. పిస్టను కడ్డీకి నునుపైన క్రోమియం పూత ఉంటుంది. ఉప్పు తేమ పూతలోని లోపాల్లో చేరి లోహాన్ని తుప్పుతో గరుకు చేస్తుంది. ఆ గరుకు పైకీ కిందికీ తిరుగుతూ నూనె సీలును కోస్తుంది. ఇసుక, బొగ్గు ధూళి కూడా అదే పని చేస్తాయి. కడ్డీని కప్పే రబ్బరు తొడుగు చిరిగిందంటే సీలు కోతకు దారి తెరుచుకున్నట్టే.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వేరే ఉంది. షాకు ఒక్కరోజులో పోదు. నెలల తరబడి మెల్లగా సడలుతుంది, నడిపేవాడి ఒళ్లు ఆ ఊపుకు అలవాటు పడిపోతుంది. అందుకే సొంత అనుభూతిని నమ్మకుండా కారును చూడాలి.

మొదట టైర్లు. ట్రెడ్ మీద అరచెయ్యి తిప్పినప్పుడు అక్కడక్కడా గిన్నె ఆకారంలో లోతులు తగిలితే, చక్రం రోడ్డును వదిలి వదిలి తాకుతోందని అర్థం. చక్రాల బ్యాలెన్సు లోపం వల్లా ఇలా జరగవచ్చు కాబట్టి దాన్నీ చూపించాలి. తర్వాత షాకు గొట్టం. పై భాగంలో పలుచని చెమ్మ మామూలే. కిందికి చారగా కారి మట్టి పట్టి ఉంటే సీలు పోయినట్టే. బ్రేకు వేసినప్పుడు ముక్కు బాగా కిందికి దిగడం, పక్కన లారీ దాటుతుంటే కారు ఊగి ఆలస్యంగా నిలదొక్కుకోవడం, స్పీడ్ బ్రేకరు దాటాక ఒకసారికి మించి ఊగడం కూడా గుర్తులే. గుంతల్లో టకటక శబ్దం మాత్రం షాకుదే కానక్కరలేదు. బుష్‌లు, లింక్ రాడ్లు కూడా అలాగే మోగుతాయి.

బానెట్ మూలను నొక్కి వదిలే పాత పరీక్ష పూర్తిగా చచ్చిన షాకునే పట్టిస్తుంది. కారు ఒకసారి లేచి నిలిచినంత మాత్రాన షాకు బాగుందని చెప్పలేం. 80,000 కిలోమీటర్లకు షాకులు మార్చాలనే లెక్క కూడా తనిఖీకి గుర్తుగానే పనికొస్తుంది. తీరప్రాంతపు గుంతల దారిలో అంతకన్నా చాలా ముందే చూపించాలి.

అరిగిన షాకు కేవలం కుదుపుల సమస్య అనుకోవడం తప్పు. చక్రం గాలిలో ఉన్న ఆ క్షణం బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు. గతుకుల్లో ఆగే దూరం పెరుగుతుంది, ఏబీఎస్ కూడా పూర్తిగా ఆదుకోలేదు.

మార్చేటప్పుడు ఒకే ఇరుసుకున్న రెండింటినీ కలిపి మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే కారు రెండు వైపులా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. బంప్ స్టాపు, రబ్బరు తొడుగు, పై మౌంటు అప్పుడే చూసుకోవాలి. స్ట్రట్ మార్చాక అలైన్‌మెంట్ చేయించాలి. స్ట్రట్ స్ప్రింగు గట్టి ఒత్తిడిలో ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే పరికరం లేకుండా విప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఇంటి దగ్గర విప్పే ప్రయత్నం చేయవద్దు.

నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి వెనక్కి తగ్గగానే, సంక్రాంతి ప్రయాణానికి బయలుదేరకముందే, కారును ఒకసారి లిఫ్టు మీద ఎక్కించి నాలుగు షాకులూ చూపించండి.