చెన్నపురి సంగీతరాత్రులు

గడచిన డిసెంబరు సెలవులలో సకుటుంబముగ చెన్నపట్టణమునకు పోయి, అయిదు రాత్రులు సంగీతమునకే వినియోగించితిమి. దీపములు పెట్టువేళకు ఏదో యొక సభకు చేరుటయు, కచేరి ముగిసిన పిదప వేడి కాఫీ పుచ్చుకొని, విన్న రాగమును గూర్చి వాదించుకొనుచు బసకు మరలుటయు మాకు నిత్యకృత్య మయ్యెను. ఒకనాటి రాత్రి గాయకురాలొకతె త్యాగరాజస్వామివారి కీర్తన పాడుచుండగా, చుట్టునున్న తమిళసోదరులు తెనుగుమాటలకు తల లూపుచుండిరి. అప్పుడు మా కుమార్తె మెల్లగా, “నాన్నగారూ, తాతమ్మకూడ బాగుగా పాడెడిదట గదా! ఏ సభలో పాడినది?” అని యడిగెను.

మా మాతామహి వంటయింటిలో దప్ప నెచ్చటను పాడి యెరుగదు. అందులకు కారణ మీ నగరపు రాత్రుల చరిత్రలోనే కలదు.

పందొమ్మిదవ శతాబ్దమున నిచ్చట రాత్రిసంగీతమునకు తావులు దేవాలయోత్సవములును, ధనికుల మేడలును, పెండ్లిపందిళ్ల మేజువాణులును. పాడి యాడువారిలో స్త్రీలన్నచో దేవదాసీ కుటుంబములవారే. వారికి విద్య కలదు, సంఘమున మర్యాద లేదు. కులస్త్రీకి మర్యాద కలదు, గొంతెత్తి పాడు స్వేచ్ఛ లేదు.

1893వ సంవత్సరమున చెన్నపురి సంఘసంస్కర్తలు, మేజువాణులకు పోవలదని రాజప్రతినిధికిని గవర్నరుకును విన్నపము లంపిరి. మన వీరేశలింగము పంతులుగారును ఆ దురాచారముపై కలము ఝళిపించిరి. బాలికలను దేవునిపేర అంకితము చేసి పరులపాలు చేయుట మాన్పవలసినదే, సందేహము లేదు. కాని నింద పోషించిన పురుషులపై కంటె పాడిన స్త్రీలపైననే యెక్కువగ పడెను. ఆ స్త్రీ లెట్టివారు? వీణ ధనమ్మాళ్ (1867–1938) జార్జిటవునులోని తన యింట శుక్రవారపు సాయంకాలములందు వీణ వాయించుచుండగా మహావిద్వాంసులు నిశ్శబ్దముగ వినెడివారు. బెంగుళూరు నాగరత్నమ్మ పాటచే నార్జించిన ధనమును వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించెను. అయినను అచ్చటి యారాధనలో స్త్రీలకు పాడు నధికారము నాడు లేకుండెను!

1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతోపాటు చెన్నపురిని సంగీతపరిషత్తు జరిగెను. మరుసటి యేడు మ్యూజిక్ అకాడమీ వెలసెను. ధనికుని పిలుపునకు మారుగా టిక్కెట్టు వచ్చెను. గృహిణులు వచ్చి కూర్చుండిరి, వారి కుమార్తెలు క్రమముగ వేదిక నెక్కిరి. 1947లో దేవదాసీ యంకితములను నిషేధించు చట్టము వచ్చెను. 1968లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి సంగీతకళానిధి బిరుదమందిన మొదటి స్త్రీ యయ్యెను. ఆమె తల్లి షణ్ముఖవడివు, మధురలో వీణ వాయించిన దేవదాసీ కుటుంబమువారు. అయితే అట్టి కుటుంబము లనేకము లపకీర్తికి వెరచి పాటనే విడిచినవి. తలుపు ఒకరికి తెరచుచు వేరొకరికి మూసితిమి. సంస్కారము దురాచారమును తొలగించునప్పుడు, దానిక్రింద నలిగినవారి విద్యను, గౌరవమును కాపాడవలదా?

ఇల్లు చేరిన పిదప మా కుమార్తెతో నీ కథయంతయు జెప్పి, వీథివసారాలో గూర్చుండి పాడుమంటిమి. మా తల్లి వంటయింటి గడపయొద్ద నిలిచి చివరివరకు వినెను.