మా బజారు నింటెండో

కర్నూల్లో మా తరం పిల్లలకి 'టీవీ గేమ్' అంటే ఒకటే: డబ్బా, రెండు రిమోట్లు, పైన గుచ్చే క్యాసెట్టు. నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి అది నకలని ఇంజినీరింగ్‌లో చేరాక గానీ నాకు తెలియలేదు.

1985లో అమెరికాకి పంపిన మోడల్లో నింటెండో తాళంలాంటి చిప్పు పెట్టింది. అనుమతి లేని క్యాసెట్టు పెడితే ఆట రాదు. జపాన్ మోడల్లో ఆ తాళం లేదు. తైవాన్‌లో దాని చిప్పులకి నకళ్ళు తయారయ్యాయి. మన దగ్గర లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో అలాంటి డబ్బాలు అమ్మారు.

ఫ్యామికామ్ వర్కింగ్ మెమరీ రెండే కిలోబైట్లు. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. మా క్యాసెట్టు మీద మాత్రం '9999 ఇన్ 1' అని ఉండేది! లోపల పట్టుమని పాతిక ఆటలు కూడా లేవు. అవే మళ్ళీ మళ్ళీ, ఒకచోట మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట నాలుగో లెవెల్ నుంచి. మొదటి విలువ మారిస్తే అదే ప్రోగ్రాం వేరేగా నడుస్తుందని నాకు అక్కడే తెలిసింది. మారియోలో సేవ్ లేదు. ఎండాకాలం సెలవుల్లో కడపలో మామ ఇంట్లో ఆడుతుంటే కరెంటు పోయేది. ఇంక మళ్ళా ఒకటో లెవెలే.

నింటెండో లెక్కలో ప్రపంచమంతా అమ్ముడైనవి సుమారు 6 కోట్ల 19 లక్షలు. మా డబ్బా అందులో లేదు. అసలుది మా బజారుకి రాలేదు, వచ్చినా నాన్న కొనలేడు. ఆ ఆటలు రాసినవాళ్ళకి మా నుంచి పైసా అందలేదన్నదీ నిజమే. ఇప్పుడు కోడ్ రాసి బతుకుతున్న నేను ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి.